వంట దగ్గర సున్నా పాయింట్లు వేశారా? పిప్ నిర్ణయాన్ని సవాలు చేయడం ఇలా

అసెస్‌మెంట్‌లో "వంట చేసుకోగలరా?" అని అడుగుతారు. మనవాళ్ళు మొహమాటానికి "ఆఁ, ఏదో చేసుకుంటానండీ" అంటారు. బ్రిటన్‌లో దీర్ఘకాలిక జబ్బు, వైకల్యం ఉన్నవాళ్ళకి ప్రభుత్వం ఇచ్చే పర్సనల్ ఇండిపెండెన్స్ పేమెంట్, అదే పిప్, అడిగినవాళ్ళకి ఆ ఒక్క మాటతోనే సున్నా పడిపోవచ్చు. స్కిజోఫ్రీనియా, బైపోలార్, తీవ్రమైన డిప్రెషన్ ఉన్నవాళ్ళ విషయంలో ఇది మరీ మామూలు. చేతులు బాగానే ఉన్నాయి, కూరగాయలు తరగగలరు, ఇంకేం కావాలి అనుకుంటారు.

నిజానికి రూల్ అంత సులువుగా లేదు. తాజా దినుసులతో ఒక మనిషికి ఒక వంటకం చేసుకోగలగాలి. బిర్యానీ అక్కర్లేదు, వంకాయ కూర చాలు. కానీ ఆ పని ప్రమాదం లేకుండా, తినదగ్గట్టుగా, కావలసినన్ని సార్లు చేయగలగాలి. మామూలుగా ఎక్కువలో ఎక్కువ పట్టే టైముకి రెట్టింపు దాటకూడదు. వీటిలో ఏ ఒక్కటి కుదరకపోయినా "చేయగలడు" అని రాయకూడదు. సగానికి పైగా రోజుల్లో పరిస్థితి ఎలా ఉందన్నదే లెక్క.

పక్కనుండి "లే, వండుకో" అని గుర్తుచేస్తేనో, బతిమాలితేనో తప్ప కదలకపోతే 2 పాయింట్లు. ప్రమాదం జరగకుండా వండుతున్నంతసేపూ ఒక మనిషి దగ్గరే నిలబడాల్సివస్తే 4. ఎవరు దగ్గరున్నా అసలు చేయలేకపోతే 8. నిర్ణయాన్ని సవాలు చేస్తూ రాసే చాలా ఉత్తరాల్లో ఈ 2కీ 4కీ తేడా చెప్పకపోవడం వల్లే నష్టపోతున్నారు. "అమ్మ సాయం చేస్తుంది" అని రాస్తే ఏమీ తెలియదు. అమ్మ ఏం చేస్తుందో, ఎందుకు చేస్తుందో రాయాలి. ఇంట్లో వంటంతా అమ్మే చేస్తుందన్నది ఇక్కడ ప్రశ్న కాదు, మీరు ఒక్కరే వండుకోవాల్సివస్తే ఏమవుతుందన్నది ప్రశ్న.

రోజూ మంటలు రేగితేనే ప్రమాదమని కాదు. ప్రమాదం అరుదైనా, జరిగితే ఎంత నష్టమో కూడా చూడాలని 2017లో అప్పర్ ట్రిబ్యునల్ (ఇలాంటి అప్పీళ్ళ పై కోర్టు) తేల్చింది. స్టవ్ విషయంలో మీకు బాగా పనికొచ్చే తీర్పు ఇదే.

ఇక పద్ధతి. నిర్ణయం ఉత్తరం మీదున్న తేదీ నుంచి నెలలోపు డీడబ్ల్యూపీని (పిప్ ఇచ్చే ప్రభుత్వ శాఖ) మ్యాండేటరీ రీకన్సిడరేషన్, అంటే నిర్ణయాన్ని మళ్ళీ పరిశీలించమని, అడగాలి. ఫోన్ చేసినా సరే, ఉత్తరం రాసినా సరే. అసెస్‌మెంట్ రిపోర్టు కాపీ కూడా అప్పుడే అడగండి, అందులో మీరు అననివి కనిపిస్తే ఆశ్చర్యపోకండి. నెల దాటితే కారణం చెప్పాలి. ఒక్క మాట ముందే తెలుసుకోండి: మీకు మంజూరైన మొత్తం అవార్డును మళ్ళీ చూస్తారు కాబట్టి ఇప్పటికే వచ్చేది తగ్గే అవకాశమూ ఉంది.

రెండు వారాల డైరీ పెట్టండి. ఇంట్లో చూసుకునేవాళ్ళు ఇలా రాయొచ్చు: "మంగళవారం. పప్పు స్టవ్ మీద పెట్టి గదిలోకి వెళ్ళాడు. గొంతులు వినిపిస్తున్నాయని అక్కడే కూర్చుండిపోయాడు. పొగ అలారం మోగినా రాలేదు, నేనే వెళ్ళి ఆపాను. గిన్నె అడుగంతా నల్లగా మాడిపోయింది." డాక్టరు లేదా మెంటల్ హెల్త్ నర్సు ఉత్తరంలో జబ్బు పేరు ఒక్కటే ఉంటే చాలదు. స్టవ్, కత్తి దగ్గర ఏమవుతుందో రాయమని అడగండి. వంట దగ్గర 4 వచ్చినా, పిప్‌లో రోజువారీ పనులకిచ్చే డైలీ లివింగ్ డబ్బుకి మొత్తం 8 పాయింట్లు కావాలి, అందుకే స్నానం, మందులు, నలుగురితో కలవడం లాంటివి కూడా వదలొద్దు.

జవాబు మారకపోతే, ఆ నోటీసు తేదీ నుంచి నెలలోపు ట్రిబ్యునల్‌కి అప్పీలు. ఇంగ్లండ్, వేల్స్‌లో ఆన్‌లైన్‌లో గానీ ఎస్‌ఎస్‌సీఎస్1 ఫారంతో గానీ పెట్టొచ్చు, ఫీజు లేదు. స్కాట్లాండ్‌లో పిప్ స్థానంలో వేరే పథకం ఉంది, దాని పద్ధతి వేరు. ట్రిబ్యునల్ డీడబ్ల్యూపీ చేతిలో ఉండదు. సాధారణంగా జడ్జి, డాక్టరు, వైకల్యం గురించి తెలిసిన ఒకరు కూర్చుంటారు. కాగితాల మీదే తేల్చమనకుండా విచారణ కోరుకోమనే నా సలహా. అక్కడ చూసేది నిర్ణయం ఇచ్చిన రోజు నాటి పరిస్థితిని. ఆ తర్వాత జబ్బు ముదిరితే అది వేరే సంగతి.

పబ్లిక్ ఫండ్స్ (కొన్ని ప్రభుత్వ సాయాలు) తీసుకోకూడదన్న షరతు వీసా మీద ఉన్నవాళ్ళు మాత్రం ముందు ఇమిగ్రేషన్ సలహా తీసుకోండి, పిప్ ఆ కోవలోదే. ఇంగ్లిష్‌లో తడబడతామన్న టెన్షన్ ఉంటే తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని అప్పీలు ఫారంలోనే రాయండి. దానికీ డబ్బు కట్టక్కర్లేదు.