హన్మకొండలో పెద్ద సెడాన్ అద్దెకు తీసుకుంటున్నారా?

కామ్రీ, సూపర్బ్ లాంటి కారు సెల్ఫ్ డ్రైవ్‌కి తీసుకుంటే ముందు నంబర్ ప్లేట్ చూడండి. నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలుంటేనే తీసుకోండి, తెల్ల ప్లేటుది సొంత వాడకపు బండి, ఎంత చవగ్గా ఇస్తామన్నా వద్దనండి. తాళం తీసుకునే ముందే చుట్టూ తిరిగి వీడియో తీయండి, బంపర్ కింది అంచు వంగి మరీ తీయాలి, గొడవలన్నీ అక్కడే.

కామ్రీ హైబ్రిడ్ అయితే బటన్ నొక్కాక చప్పుడు రాలేదని టెన్షన్ పడొద్దు, మీటర్లో ‘రెడీ’ అని వెలిగితే బండి స్టార్టయినట్టే.

హైదరాబాద్ హైవే మీద ఇది రాజా బండి, వెనక అమ్మానాన్న జనగామ రాకముందే కునుకు తీస్తారు. అదే హన్మకొండ చౌరస్తాలో పార్కింగ్ అంటే చుక్కలే, దాదాపు 4.9 మీటర్ల పొడవు మరి!

అసలు పరీక్ష రామప్ప దారిలో, పాలంపేట వైపు తిరిగాక. ఐదుగురు ఎక్కి డిక్కీ నిండితే వెనక భాగం దిగిపోతుంది, అందుకే ఎత్తు స్పీడ్ బ్రేకర్ వస్తే బాగా స్లో చేసి, ఎదురుగా ఎవరూ రాకపోతే కాస్త ఏటవాలుగా, ఒక్కో చక్రం ఎక్కిస్తూ దాటించండి. బయల్దేరే ముందు డ్రైవర్ డోర్ దగ్గరి స్టిక్కర్ చూసి ఫుల్ లోడుకు చెప్పినంత గాలి కొట్టించండి.