చర్మ క్యాన్సర్ తీయించుకున్నాక నెలనెలా ఒళ్లు చూసుకోవడం ఎలా

ఆపరేషన్ అయింది, కుట్లు విప్పారు, తీసిన ముక్క అంచుల్లో క్యాన్సర్ కణాలు లేవని రిపోర్టు వచ్చింది. చాలామంది అక్కడ ఊపిరి పీల్చుకుంటారు, పీల్చుకోవాలి కూడా. అయితే తీసేసింది ఒక్క మచ్చనే. ఒకసారి చర్మ క్యాన్సర్ వచ్చినవాళ్లకి మరోచోట కొత్తది పుట్టే అవకాశం మిగతావాళ్లకంటే ఎక్కువ. తీసిన చోటే తిరగబెట్టడమూ ఉంది. మెలనోమా (చర్మానికి రంగునిచ్చే కణాల్లో పుట్టే క్యాన్సర్) తొలిదశలో తీయించుకున్నవాళ్లని డాక్టర్లు సాధారణంగా మొదటి ఐదేళ్లు 6 నుంచి 12 నెలలకోసారి రమ్మంటారు. ముదిరిన దశైతే మొదటి రెండేళ్లు 3 నుంచి 6 నెలలకోసారి. ఆ తర్వాత ఏడాదికోసారైనా చూపించుకోవడం జీవితాంతం ఉంటుంది. రెండు అపాయింట్‌మెంట్ల మధ్య నెలల్లో మీ ఒంటిని చూడాల్సింది మీరే.

ముందు పాథాలజీ రిపోర్టు (తీసిన ముక్కని ల్యాబులో పరీక్షించి ఇచ్చేది) కాపీ ఒకటి దగ్గర పెట్టుకోండి. క్యాన్సర్ రకం, మెలనోమా అయితే మిల్లీమీటర్లలో దాని మందం, అంచుల పరిస్థితి అందులో ఉంటాయి. ఊరు మారినా, డాక్టరు మారినా ఆ కాగితం అవసరమవుతుంది.

కావలసినవి: నిలువుటద్దం, చేతి అద్దం, మంచి వెలుతురు, కుర్చీ, దువ్వెన, మిల్లీమీటర్ల గీతలున్న చిన్న స్కేలు, ఫోను. గోళ్లరంగు ముందే తుడిచేయండి. నెలలో ఒక తేదీ పెట్టుకుని స్నానం కాగానే చూసుకోండి. మొదటిసారి అరగంట పట్టొచ్చు, అలవాటయ్యాక 10–15 నిమిషాలు చాలు. రోజూ చూసుకోవద్దు. రోజూ చూసే కంటికి మెల్లగా వచ్చే మార్పు ఆనదు, పైగా భయం పెరుగుతుంది.

మొదటిసారి చేయాల్సిన ముఖ్యమైన పని, ఉన్నవన్నీ రాసిపెట్టుకోవడం. కాగితం మీద మనిషి బొమ్మ ముందువైపు ఒకటి, వెనకవైపు ఒకటి గీసి, కాస్త పెద్దగా ఉన్న పుట్టుమచ్చలకి నంబర్లు వేయండి. ఒక్కోదానికి రెండు ఫొటోలు తీయాలి. ఒకటి దూరం నుంచి, అది ఒంటిమీద ఎక్కడుందో తెలిసేలా. రెండోది దగ్గర నుంచి, పక్కన స్కేలు పెట్టి. ఫ్లాష్ వేస్తే రంగు మారిపోతుంది కాబట్టి పగటి వెలుగులో, ప్రతినెలా అదే చోట నిలబడి తీయండి. ఈ ఫొటోలు లేకపోతే రెండో నెలకల్లా ‘ఇది ముందు నుంచీ ఇంతే ఉందా?’ అన్న అనుమానం మొదలవుతుంది. ఆ అనుమానంతోనే చాలామంది నెలలు గడిపేస్తారు.

ఇక చూసుకోవడం మాడు నుంచి మొదలుపెట్టండి. దువ్వెనతో పాయలు తీస్తూ చూడాలి. ఇది ఒంటరిగా అయ్యే పని కాదు, ఇంట్లో ఎవరినైనా పిలవండి. మొహం, పెదవులు, ముఖ్యంగా కింది పెదవి, చెవుల వెనక, మెడ. చేతులెత్తి చంకలు, పక్కలు. స్త్రీలు రొమ్ముల కిందిభాగం ఎత్తి చూసుకోవాలి. నిలువుటద్దానికి వీపు పెట్టి, చేతి అద్దంలో వీపు, పిరుదులు, తొడల వెనకభాగం చూడండి. తర్వాత కుర్చీలో కూర్చుని మర్మాంగాల దగ్గర చర్మం, కాళ్లు.

అరికాళ్ల దగ్గర తొందరపడకండి. చామనఛాయ, నల్లటి ఒళ్లున్నవాళ్లలో మెలనోమా ఎక్కువగా కనిపించేది అరికాళ్లలో, అరచేతుల్లో, గోళ్ల కింద. దానికి ఎండతో సంబంధం లేదు. అందుకే ‘నల్లవాళ్లకి చర్మ క్యాన్సర్ రాదు’ అన్న మాట ప్రాణాలమీదికి తెస్తుంది. మడమ, పాదం అంచులు, వేళ్ల సందులు విడదీసి చూడండి. ఆనెకాయ అనుకుని కోయడం, యాసిడ్ మందు పూయడం తరచు జరిగే పొరపాటు. ఎన్నాళ్లకీ తగ్గని ఆనె, రక్తం కారే ఆనె, చుట్టూ నలుపు పాకుతున్న ఆనె డాక్టరు చూడాల్సిందే.

గోటి కింద నలుపు కనిపిస్తే దెబ్బ తగిలిన రక్తమా, మరొకటా అని తేల్చడానికి ఒక గుర్తుంది. గడ్డకట్టిన రక్తం గోరు పెరిగేకొద్దీ ముందుకు జరుగుతుంది, గోటి మొదట్లో తెల్లటి గోరు బయటపడుతుంది. చేతిగోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది, కాలిగోరు అందులో సగం. కాబట్టి నెల తేడాతో తీసిన రెండు ఫొటోలు పక్కపక్కన పెడితే తెలిసిపోతుంది. మొదలు నుంచి కొస దాకా నిలువుచారలా ఉండి, అలాగే నిలిచిపోతే, వెడల్పవుతుంటే, లేదా గోటి మొదట్లో చర్మానికి కూడా నలుపు పాకితే వెంటనే చూపించాలి. నల్లటి ఒళ్లున్నవాళ్లకి చాలా గోళ్లకి సన్నటి చారలుండటం మామూలే. ఒక్క గోటికే కొత్తగా వచ్చిన చార అలాంటిది కాదు. గాయకుడు బాబ్ మార్లీకి 1977లో మెలనోమా బయటపడింది కాలిగోటి కిందే. 1981లో, 36 ఏళ్లకే చనిపోయాడు.

పుట్టుమచ్చల్లో చూడాల్సినవి: ఒక సగం రెండో సగంలా లేకపోవడం, అంచులు వంకరటింకరగా ఉండటం, ఒకే మచ్చలో రెండు మూడు రంగులు, 6 మిల్లీమీటర్లు దాటిన వెడల్పు. వీటన్నిటికంటే పెద్ద గుర్తు మార్పు. చిన్నదే అయినా మారుతుంటే అనుమానించాలి. మిగతా మచ్చలన్నీ ఒక తీరుగా ఉండి ఒకటి మాత్రం వేరుగా కనిపించినా అంతే. ఇంకో రకం మెలనోమా ఈ లెక్కలకి లొంగదు: గుండ్రంగా ఉబ్బి, గట్టిగా తగులుతూ, వారాల్లోనే పెరుగుతుంది, ఒక్కోసారి నలుపే ఉండదు. దానికి వచ్చే నెల దాకా ఆగకూడదు.

మెలనోమా కాని చర్మ క్యాన్సర్లలో ముఖ్యమైనవి రెండు. బేసల్ సెల్ క్యాన్సర్ మెరిసే బొడిపెలా, లేదా పక్కు కట్టి, ఊడి, మళ్లీ రక్తం వచ్చే పుండులా ఉంటుంది. స్క్వామస్ సెల్ రకం గరుకుగా, పొలుసులతో ఉంటుంది. పాత కాలిన మచ్చల మీద, ఏళ్ల తరబడి మానని పుండ్లలో కూడా ఇది పుడుతుంది. నాలుగు వారాల్లో మానని పుండు ఏదైనా సరే చూపించండి.

ఆపరేషన్ మచ్చని కళ్లతో చూస్తే చాలదు, వేళ్లతో తడమాలి. మచ్చ పొడవునా, దాని చుట్టూ కొత్త గడ్డ, కొత్త రంగు ఉన్నాయేమో చూడండి. తర్వాత లింఫ్ గ్రంథులు, అంటే చర్మ క్యాన్సర్ పాకితే తరచు ముందుగా చేరే చిన్న బిళ్లలు. కాలికి వచ్చినవాళ్లు గజ్జలు, చేతికి వచ్చినవాళ్లు చంకలు, మొహానికో తలకో వచ్చినవాళ్లు చెవుల ముందు, వెనక, దవడ కింద, కంఠం పక్కన చూడాలి. వీపుకి వచ్చినవాళ్లు అన్నీ చూడాలి. చంక చూసేటప్పుడు చెయ్యి కిందికి వదిలేయాలి, ఎత్తి ఉంచితే కండ బిగిసి ఏదీ తగలదు. గజ్జలు పడుకుని చూసుకోండి. జలుబుకో పుండుకో కట్టిన బిళ్ల సాధారణంగా నొప్పిగా ఉండి, కొద్దివారాల్లో తగ్గుతుంది. నొప్పి లేకుండా గట్టిగా ఉండి, తగ్గకుండా పెరిగేది డాక్టరుకి చెప్పాల్సింది.

ఎండ విషయంలో జరిగే తప్పు సన్‌స్క్రీన్ తక్కువ రాయడం. పెద్దవాళ్లకి ఒళ్లంతా పూయాలంటే సుమారు 35 మిల్లీలీటర్లు కావాలి. అంటే 5 మిల్లీలీటర్ల చెంచాతో ఏడు: మొహానికి, మెడకి, చెవులకి కలిపి ఒకటి, ఒక్కో చేతికి ఒకటి, ఒక్కో కాలికి ఒకటి, ముందుకి ఒకటి, వీపుకి ఒకటి. సీసా మీద ఉండే ఎస్‌పీఎఫ్ (ఎండ నుంచి ఎంత కాపాడుతుందో చెప్పే అంకె) 30కి తగ్గకూడదు. బయటికెళ్లే 20 నిమిషాల ముందు రాసి, రెండు గంటలకోసారి, చెమట పట్టి తుడుచుకుంటే ఇంకా ముందే, మళ్లీ రాయాలి. అంతకంటే నమ్మకమైనవి నీడ, పొడుగు చేతుల చొక్కా, చుట్టూ అంచున్న టోపీ.

ఇమ్యునోథెరపీ (క్యాన్సర్ మీదికి ఒంటి రోగనిరోధక శక్తిని ఉసిగొల్పే మందులు) తీసుకున్నవాళ్లకి ఒక మాట. ఆ మందుల దుష్ప్రభావాలు చికిత్స ఆపిన నెలల తర్వాత కూడా రావచ్చు. రోజుకు చాలాసార్లు విరేచనాలు, ఆయాసం, విడవని దగ్గు, ఒళ్లంతా దద్దుర్లు, లేవలేనంత నీరసం వస్తే సొంతంగా మందులు వాడి ఊరుకోకండి. క్యాన్సర్ డాక్టరుకి ఫోన్ చేయండి. వేరే ఆస్పత్రికి వెళ్లాల్సొస్తే ముందు ఈ మందు పేరు చెప్పండి.

అనుమానం తగిలితే ఆ మచ్చని గిల్లడం, కాల్చడం, దారంతో బిగించడం చేయకండి. పరీక్షకి పంపాల్సిన ముక్కే పోతుంది. ‘కత్తి పెడితే పాకుతుంది’ అన్న భయంతో బయాప్సీ (ముక్క తీసి పరీక్షించడం) వాయిదా వేయకండి, బయాప్సీ వల్ల చర్మ క్యాన్సర్ పాకదు. అపాయింట్‌మెంట్ కోసం ఫోన్ చేసినప్పుడు ‘మచ్చ ఉంది’ అని ఊరుకోవద్దు. ‘నాకు ముందు మెలనోమా తీశారు. ఎడమ పిక్క మీద మచ్చ రెండు నెలల్లో 4 మిల్లీమీటర్ల నుంచి 7 అయింది, ఫొటోలున్నాయి’ అని చెప్పండి. ఆ రోజు గోళ్లరంగు, మేకప్ లేకుండా వెళ్లండి. మాడు, అరికాళ్లు చూడకుండా పరీక్ష ముగిస్తుంటే, అవి కూడా చూడమని అడగండి.