జీడితోట కాపలాకి వెళ్లే ముందు

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో జీడిపిక్క రాలడం మొదలైందంటే చాలు, రాత్రుళ్లు టార్చిలైట్లూ కర్రలూ పట్టుకుని కుర్రోళ్లు తోటల్లోకి దిగుతారు. వజ్రపుకొత్తూరు, మందస, పలాస వైపు ఏటా ఉన్నదే. మీ తోటకి మీరు కాపలా కాసుకోవడానికి ఎవర్నీ అడగక్కర్లేదు. చిక్కంతా ఎవరైనా దొరికాకే.

మామూలు మనిషి ఇంకో మనిషిని పట్టుకోవచ్చా? పట్టుకోవచ్చు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో, అంటే అరెస్టూ విచారణా ఎలా జరగాలో చెప్పే కొత్త చట్టంలో, 40వ సెక్షన్ చూడండి. పాత సీఆర్‌పీసీలో ఇదే 43. కానీ నేరం మీ ఎదుటే జరగాలి. పైగా అది పోలీసులు వారెంటు లేకుండా పట్టుకోదగ్గదీ, నాన్ బెయిలబుల్‌దీ (బెయిలు హక్కుగా రానిదీ), రెండూ అయి ఉండాలి. కోర్టు ప్రకటిత నేరస్థుడన్నవాణ్ణి ఎక్కడ కనపడినా పట్టుకోవచ్చు గానీ, అలాంటివాడు మన తోటల్లో తగలడం అరుదు.

‘మీ ఎదుటే’ అన్నచోటే ఎక్కువమంది కాలు జారతారు. తెల్లారి చూస్తే పిక్కలు లేవు, రాత్రి ఫలానావాడు ఈ దారినే వెళ్లాడని ఎవరో చెప్పారు. అది మీ ఎదుట జరిగినట్టు కాదు. స్టేషన్లో ఫిర్యాదు ఇవ్వడం వరకే మీ పని. అలాక్కాకుండా వాణ్ణి ఇంట్లోంచి లాక్కొచ్చి రామమందిరం స్తంభానికి కట్టేస్తే కేసు మీ మీదకే తిరుగుతుంది. అక్రమ నిర్బంధానికి ఏడాది దాకా జైలు. ‘ఒప్పుకోరా’ అని నాలుగు తగిలిస్తే ఏడేళ్ల దాకా పడొచ్చు.

ఇక ఊళ్లో చాలామందికి తెలియనిది ఐదువేల లెక్క. సొత్తు విలువ 5,000 రూపాయల లోపుంటే, మామూలు దొంగతనంలో ఇప్పుడు పోలీసులే వారెంటు లేకుండా అరెస్టు చేయలేరు, బెయిలబుల్ కూడా. 80 కేజీల బస్తా బండి మీద వేసుకుపోతున్నవాణ్ణి మీరు కళ్లారా చూస్తే ఆపొచ్చు, దాని విలువ ఐదువేలు దాటుతుంది. కొంగున నాలుగు కేజీలు మూటగట్టుకున్న ముసలమ్మని నిర్బంధించడానికి మాత్రం ఈ సెక్షన్ పనికిరాదు. ఆవిడ పేరూ ఊరూ రాసుకుని వదిలేయండి. నన్నడిగితే అదీ అక్కర్లేదు. ఇంట్లోకో, పిక్కలు నిల్వచేసిన కొట్టులోకో దూరి ఎత్తుకెళ్తుంటే లెక్క వేరు, అక్కడ విలువతో పనిలేదు. మెడలో గొలుసు లాక్కుపోయేవాడి సంగతీ అంతే.

పట్టుకున్న వెంటనే టైము చూడండి. అనవసరంగా ఆలస్యం చేయకుండా, ఎంత లేటైనా ఆరు గంటల్లోపు పోలీసులకి అప్పగించాలి. పాత చట్టంలో ఈ గంటల లెక్క లేదు. తెల్లారాక పెద్దమనుషులొచ్చి తేలుస్తారని అర్ధరాత్రి పట్టుకున్నవాణ్ణి పాకలో కూర్చోబెట్టుకోకండి, 112కి ఫోన్ చేయండి. ఎప్పుడు పట్టుకున్నారో, ఎప్పుడు అప్పగించారో కాగితం మీద రాసి ఇద్దరు సాక్షుల సంతకం పెట్టించుకుంటే రేపు మీకే అక్కరకొస్తుంది.

పారిపోకుండా ఆపడానికి ఎంత కావాలో అంతే బలం. కూర్చోమంటే కూర్చున్నవాడికి తాడు అక్కర్లేదు. దొరికింది ఆడమనిషైతే ఊళ్లో ఆడవాళ్లని పిలిపించండి, పిల్లలైతే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి చెప్పండి. వీడియో తీసి గ్రూపుల్లో పెట్టొద్దు.

ఆ గ్రూపుల సంగతి ఒకటుంది. 2018 వేసవిలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో పుకార్లు లేచి, తెలుగు జిల్లాల్లో ముక్కూ మొహం తెలియనివాళ్లని కొట్టారు. ఆ జూలైలోనే సుప్రీంకోర్టు మూకదాడులపై రాష్ట్రాలకి గట్టి ఆదేశాలిచ్చింది. నేరాలకి శిక్షలు చెప్పే ఇప్పటి భారతీయ న్యాయ సంహితలో అయితే ఐదుగురు గానీ అంతకంటే ఎక్కువమంది గానీ కలిసి కులం, భాష, పుట్టిన చోటు లాంటి కారణంతో మనిషిని చంపితే, ఆ గుంపులో ప్రతివాడికీ ఉరి లేదా యావజ్జీవం. ఇచ్ఛాపురం దాటితే ఒడిశా కదా, మన దగ్గర ‘భాష’ అన్నది ఉత్తి మాట కాదు.

అందుకే జట్టులో ఒడియా వచ్చినవాడు ఒక్కడైనా ఉండాలంటాను. రెండేళ్ల కిందట మా తోటగట్టు మీద రాత్రి రెండింటికి ఒకతను దొరికాడు. ‘ఎవుల్రా నువ్వు?’ అంటే ఏదో చెబుతున్నాడు, మావాళ్లకి ముక్క అర్థం కాలేదు. అప్పటికే ఒకడు కర్ర ఎత్తాడు. కంచిలిలో చదువుకున్న మా మేనల్లుడు పరిగెత్తుకొచ్చి అతనితో మాట్లాడి, ‘ఆవు తప్పిపోయిందట మావయ్యా’ అన్నాడు. ఆవు మా బావి దగ్గరే పడుకుని ఉంది.