పాత మారోవిండ్‌కు కొత్త తేదీల తంటా

2002లో వచ్చిన మారోవిండ్ అనే కంప్యూటర్ ఆటను ఒక ఆన్‌లైన్ స్టోర్‌లో కొన్నాను. ట్రైబ్యునల్, బ్లడ్‌మూన్ అనుబంధాలు కూడా కలిపే ఇచ్చారు. గోడలు, రాళ్లు స్పష్టంగా కనిపించేలా చేసే టెక్స్చర్ మోడ్ (ఆటలోని ఉపరితలాల బొమ్మలను మార్చే అదనపు ఫైళ్లు) ఒకటి ఆట తాలూకు ‘డేటా ఫైల్స్’ ఫోల్డర్‌లో వేశాను. ఆట తెరిస్తే అందులోని సెయిడా నీన్ ఊళ్లో అవే మసక గోడలు!

మోడ్‌లో లోపమేమీ లేదు. ఈ ఆట మనం వేసిన విడి ఫైలు తేదీని, ఆట అసలు బొమ్మలన్నీ మూటకట్టి ఉన్న బీఎస్‌ఏ ఫైలు తేదీని పోల్చి, ఏది కొత్తదైతే దాన్నే వాడుకుంటుంది. డిస్కుల కాలంలో బీఎస్‌ఏ మీద పాత తేదీయే ఉండేది కాబట్టి చిక్కు రాలేదు. ఇప్పుడేమో నేను డౌన్‌లోడ్ చేసిన రోజే బీఎస్‌ఏ తేదీ అయి కూర్చుంది. దాని ముందు మోడ్ పాతదైపోయింది. స్టోర్ పేజీలో దీని గురించి ఒక్క ముక్క ఉంటే ఎంత బాగుండేది!

ఆటకు, రెండు అనుబంధాలకు చెందిన మూడు బీఎస్‌ఏ ఫైళ్ల తేదీలనూ విండోస్‌లో ఆదేశాలు టైపు చేసే పవర్‌షెల్‌తో 2002కి మార్చాను. గోడలు మెరిశాయి. మోడ్‌లను సర్దుకునే వ్రై మ్యాష్ అనే సాధనంలోనూ ఇందుకు సదుపాయం ఉంది. ఆట, మోడ్‌ల సమాచారం ఉండే ఈఎస్‌ఎం, ఈఎస్‌పీ ఫైళ్ల జోలికి మాత్రం వెళ్లకండి. వాటి తేదీలను బట్టే లోడయ్యే వరుస ఉంటుంది.

మారోవిండ్‌ను నడిపే మరో ఉచిత ప్రోగ్రామ్ ఓపెన్‌ఎండబ్ల్యూలో ఆడేవారికి ఈ గొడవే లేదు. అది తేదీలు చూడకుండా విడి ఫైలుకే పెద్దపీట వేస్తుంది. అయితే దానికీ అసలు ఆట ఫైళ్లు కావాలి, కొనక తప్పదు.