సర్వే ఒక మాట, ఇంటర్వ్యూ ఇంకో మాట: నాకు పనిచేసిన పద్ధతి

పొదుపు సంఘాల మీద థీసిస్. "అప్పు నిర్ణయం ఎవరిది?" అని సర్వేలో అడిగితే ఎక్కువమంది "నాదే" అన్నారు. అదే ఆడవాళ్లు ఇంటర్వ్యూలో భర్త మాటే చెల్లుతుందన్నారు. ఎస్‌పీఎస్‌ఎస్ అనే గణాంకాల సాఫ్ట్‌వేర్‌లో క్రాస్‌టాబ్‌లు (రెండు ప్రశ్నల జవాబులను ఎదురెదురుగా లెక్కవేసే పట్టికలు), ఇంటర్వ్యూలకు మళ్లీ కోడింగ్ (మాటలకు అంశాలవారీగా గుర్తులు పెట్టడం), రెండు విడి అధ్యాయాలు... ఏదీ అతకలేదు.

పనిచేసింది జాయింట్ డిస్‌ప్లే, అంటే సర్వే జవాబులనూ ఇంటర్వ్యూ మాటలనూ పక్కపక్కన పెట్టే పట్టిక. మెథడాలజీ పుస్తకాల్లో ఉండేదే, కాకపోతే అక్కడ ఎక్కువగా థీమ్‌లవారీగా (అంశాలవారీగా) వేస్తారు. నేను మనిషికో వరుస వేశాను. ముందు ఎక్సెల్‌లో ఐడీ నంబరుతో సర్వే జవాబును, ఇంటర్వ్యూ భాగాన్ని ఒకే వరుసలోకి తెచ్చాను. తర్వాత సర్వే కాలమ్‌ను హైడ్ చేసి, మాటలు మాత్రమే చదివి, "నిర్ణయం ఎవరిది" అని పక్క గడిలో రాశాను. ఇది దాటేయొద్దు; జవాబు కనబడుతుంటే చదివేది దానివైపే వంగుతుంది. ఆపైన కాలమ్ తెరిచి, తేడా ఉన్న వరుసలన్నీ పైకి సార్ట్ చేశాను.

అక్కడ దొరికింది, ఒకావిడ ఇంటర్వ్యూలో: "పాస్‌బుక్కు నా పేరు మీదే ఉందమ్మా. బోరు వేయిద్దామన్నది మా ఆయన." అప్పు తీసుకోవడం, ఖర్చుపెట్టడం, కట్టడం మూడూ వేర్వేరు నిర్ణయాలు, సర్వే వాటిని ఒకే ప్రశ్నలో కుక్కింది. దాంతో "నాదే" అన్న శాతాన్ని "అప్పు తన పేరున తీసుకోవడం" వరకే పరిమితం చేసి రాశాను, ఖర్చు సంగతి ఇంటర్వ్యూల నుంచి తీసుకున్నాను. గైడ్ గారు ఒప్పుకున్నారు.

ఇంటర్వ్యూ ఇచ్చినవాళ్లు సర్వేలోనూ ఉన్నారు కాబట్టి కుదిరింది. వేర్వేరు మనుషులైతే వరుసకు వరుస కలవదు, థీమ్‌లవారీగానే వేసుకోవాలి. వందల ఇంటర్వ్యూలుంటే ఇలా చేత్తో చేయడం కూడా కష్టమేననుకుంటా.