సెలవులకి వైజాగ్ వచ్చి పంటికి క్యాప్ వేయించుకోవడం ఎలా?

మస్కట్‌లో 13 ఏళ్లుగా ఉంటున్నాను. నా పళ్లు మూడు, మా ఆవిడవి రెండు, తోటి ఉద్యోగులవి ఎన్నో వైజాగ్‌లోనే బాగు చేయించాను. ఏటా అదే పొరపాటు చూస్తుంటాను. మూడు వారాల సెలవులో పెళ్లిళ్లు, సింహాచలం, అరకు అన్నీ అయ్యాక పన్ను గుర్తొస్తుంది. చివరి నాలుగు రోజుల్లో ఆదరాబాదరా క్యాప్ వేయించుకుని విమానం ఎక్కేస్తారు. అలా కాదు, వైజాగ్‌లో విమానం దిగిన మర్నాడే డాక్టరు దగ్గర కూర్చోవాలి.

1. కాగితాలు సర్దుకోండి

పాత ఎక్స్‌రేలు, వాడే మందుల చీటీ, పెన్సిలిన్ పడకపోతే ఆ సంగతి, రక్తం పలచబడే మందులు వాడుతుంటే అదీ.

అమెరికా నుంచి వచ్చేవాళ్లకి ఒక మాట. అక్కడ పళ్లకి 1 నుంచి 32 దాకా వరస నంబర్లు. మన దగ్గర నోటిని నాలుగు భాగాలు చేసి రెండంకెల నంబరు ఇస్తారు. డాలస్ నుంచి వచ్చిన మా బావ కాగితంలో 18 అని ఉంది. అక్కడ అది ఎడమవైపు కింద రెండో దవడ పన్ను. ఇక్కడ 18 అంటే కుడివైపు పైన జ్ఞానదంతం! నంబరు చెప్పకండి, పన్ను మీద వేలు పెట్టి చూపించండి.

2. డాక్టరు

డాబా గార్డెన్స్, ద్వారకానగర్, ఎంవీపీ కాలనీ... క్లినిక్కులకి కొదవ లేదు. రూట్ కెనాల్‌కి, అంటే పంటి లోపలి నరం తీసి శుభ్రం చేసే పనికి మాత్రం ఎండోడాంటిక్స్‌లో (ఈ పనిలోనే ప్రత్యేక చదువు) ఎండీఎస్, అంటే దంతవైద్యంలో పీజీ చేసినవారి దగ్గరికే వెళ్లండి. రుషికొండలో గీతం డెంటల్ కాలేజీ, సంగివలసలో అనిల్ నీరుకొండ కాలేజీ ఉన్నాయి. కాలేజీల్లో ఖర్చు తక్కువ, తిరగడం ఎక్కువ. ఊళ్లోనే ఉండే అమ్మానాన్నలకి చక్కగా సరిపోతాయి. సెలవు మీద వచ్చినవాళ్లకి నేను వద్దంటాను.

3. రోజులు వెనక నుంచి లెక్కపెట్టండి

తిరుగు ప్రయాణానికి కనీసం ఏడు రోజుల ముందు క్యాప్ నోట్లో ఉండాలి. కొలత తీసుకున్నాక ల్యాబ్ నుంచి క్యాప్ రావడానికి నాలుగైదు రోజులు. అంతకుముందు రూట్ కెనాల్‌కి రెండు మూడు సిట్టింగులు. అంటే మూడు వారాలు ఇట్టే అయిపోతాయి. సంక్రాంతికి వచ్చేవాళ్లు భోగికి వారం ముందే కొలత ఇచ్చేయాలి. పండగ రోజుల్లో ల్యాబ్ పని ముందుకి కదలదు.

ఇంప్లాంట్, అంటే పన్ను లేని చోట ఎముకలో స్క్రూ దింపి దాని మీద పెట్టే పన్ను, ఒక్క సెలవులో అయిపోతుందనుకోకండి. ఎముకకి స్క్రూ పట్టుకోవడానికి సాధారణంగా మూడు నుంచి ఆరు నెలలు కావాలి. పన్ను పీకించుకోవడమూ చివరి రోజుల్లో వద్దు. గాయంలో గడ్డకట్టిన రక్తం ఊడిపోతే రెండో రోజో మూడో రోజో భరించలేని నొప్పి మొదలవుతుంది.

4. క్యాప్ కూర్చోబెట్టే రోజు

అందరూ తేలిగ్గా తీసుకునేది ఇదే.

నా మొదటి క్యాప్ ప్రయాణానికి ముందురోజు సాయంత్రం వేశారు. మత్తు ఇంజెక్షన్ ఇంకా దిగలేదు. పెదవి మొద్దుబారి ఉంది. "ఎలా ఉంది?" అంటే "బాగానే ఉందండీ" అన్నాను. మర్నాడు విమానంలో ఇడ్లీ ముక్క నమిలితే ఆ పన్ను మిగతా వాటికంటే ముందు తగిలింది. మస్కట్‌లో పది రోజులు సలిపింది. చివరికి అక్కడి డాక్టరు అర నిమిషం అరగదీస్తే సర్దుకుంది. ఆ అర నిమిషం పని వైజాగ్‌లోనే జరగాల్సింది.

నరం తీసేసిన పంటికి నొప్పేమిటి అని అడుగుతారు. వేరు చుట్టూ పన్నుని ఎముకకి పట్టి ఉంచే పొర ఉంటుంది. దానికి స్పర్శ పోదు. క్యాప్ వెంట్రుక మందం ఎత్తుగా ఉన్నా ప్రతి ముద్దకీ దెబ్బ దాని మీదే పడుతుంది.

అందుకని మత్తు అవసరమా అని ముందే అడగండి. రూట్ కెనాల్ అయిన పంటికి క్యాప్ పెట్టడానికి చాలాసార్లు అక్కర్లేదు. శాశ్వత సిమెంటు పెట్టకముందే బైట్, అంటే పై పళ్లూ కింది పళ్లూ సరిగ్గా కలుస్తున్నాయో లేదో చూడమనండి. నీలి కాగితం పెట్టి "టక్ టక్ మని కొరకండి" అంటారు. అంతటితో లేచిపోకండి. కుర్చీ నిటారుగా పెట్టించుకుని, మెడ వంచకుండా మళ్లీ కొరకండి. పడుకుని కొరికితే దవడ కొంచెం వెనక్కి జారుతుంది. తర్వాత పళ్లు ఆనించి కుడికీ ఎడమకీ జరపండి. క్యాప్ మీద ఒక్కచోట ముదురు నీలం చుక్క పడి, పక్క పళ్ల మీద మరక లేకపోతే ఎత్తుందన్నమాట. అరగదీయమనండి. అరగదీసిన చోట మళ్లీ నున్నగా పాలిష్ చేయించండి. వెనక పదిమంది ఎదురుచూస్తున్నా మొహమాటపడకండి. "ఇంకా తగులుతోందండీ" అని నాలుగుసార్లు అన్నా తప్పు లేదు.

ఆ రోజు మెత్తటి అన్నం తినండి. మర్నాటి నుంచి ఆ వైపే నమలండి, ఈ వారం ఉన్నది అందుకే. ఆర్కే బీచ్‌లో మురీ మిక్స్చర్ తింటే తేడా వెంటనే తెలుస్తుంది. అంతకుముందు, ల్యాబ్ నుంచి అసలు క్యాప్ వచ్చేదాకా పెట్టే తాత్కాలిక క్యాప్ ఉన్న రోజుల్లో మాత్రం ఆ వైపు మాడుగుల హల్వా ముట్టుకోకండి, అంటుకుని క్యాప్ ఊడి వస్తుంది.

5. వచ్చేటప్పుడు

ఎక్స్‌రేలు ఫోన్‌లోకి తీసుకోండి. క్యాప్ జిర్కోనియానా, లోహం మీద పింగాణీనా, ఏ పంటికి, ఏ తేదీన వేశారు అన్నవి బిల్లు మీదే రాయించుకోండి. అమెరికా వాళ్లయితే నంబరు పక్కన "ఎడమవైపు కింద" అని మాటల్లో కూడా.