అక్వేరియంలో తగ్గిన నీళ్లు వాటంతటవే నిండాలంటే ఏ సెన్సర్ కొనాలి?

సముద్రపు చేపల అక్వేరియంలో ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పంతా లోపలే ఉండిపోతుంది. లీటరుకు సుమారు 35 గ్రాములుండాల్సిన ఉప్పు రోజురోజుకూ చిక్కబడుతుంది. అందుకే తగ్గినంత మేర ఆర్‌ఓ నీళ్లు చిన్న పంపుతో పోసే ఆటో టాప్ ఆఫ్ పెట్టుకుంటారు. నీళ్లు తగ్గాయని ఆ పంపుకు చెప్పేది సెన్సర్. దాన్ని కొనేటప్పుడు చాలామంది అది ఎంత కచ్చితంగా పనిచేస్తుందో చూస్తారు. నన్నడిగితే, అది చెడిపోయినప్పుడు పంపు ఆగిపోతుందా, ఆగకుండా తిరుగుతుందా అన్నది ముందు చూడాలి.

1. ఎక్కడ పెట్టాలో తేల్చుకోండి

కింద సంప్ (పైట్యాంకు నీళ్లు దిగే, గదులుగా విడగొట్టిన చిన్న గాజు ట్యాంకు) ఉంటే నీటి మట్టం మారేది నీళ్లను తిరిగి పైకి పంపే రిటర్న్ పంప్ ఉన్న గదిలోనే. పైట్యాంకులో మట్టం కదలదు కాబట్టి అక్కడ సెన్సర్ పెట్టడం దండగ. ఆ గది గాజు మీద మార్కర్‌తో గీత గీసి, టాప్ ఆఫ్ లేకుండా ఒక రోజు వదిలేయండి. గది 30 సెం.మీ. పొడవు, 30 సెం.మీ. వెడల్పు ఉండి, నీళ్లు 2 సెం.మీ. తగ్గితే ఆవిరైంది 1.8 లీటర్లు. మే నెలలో, అదీ ఫ్యాన్ గాలి తగిలే చోట, ఇంకా ఎక్కువ పోతుంది.

2. సెన్సర్ రకం ఎంచుకోండి

ఫ్లోట్ స్విచ్ అన్నిటికన్నా చవక. తేలే బెండులో అయస్కాంతం, మధ్య కాడలో ఆ అయస్కాంతానికి స్పందించే రీడ్ స్విచ్ ఉంటాయి. బెండు దిగితే పంపు ఆన్ అయ్యేలా వైరింగ్ చేస్తే, వైరు తెగినా పంపు ఆగిపోతుంది. అంతవరకు బాగానే ఉంది. కానీ కాడ మీద ఉప్పు పేరుకున్నా, నత్త ఎక్కి కూర్చున్నా బెండు కిందే ఇరుక్కుంటుంది, పంపు తిరుగుతూనే ఉంటుంది. దీని అసలు ప్రమాదం ఇదే. ఇంకోటి, రీడ్ స్విచ్ మీదుగా పంపు కరెంటును నేరుగా పంపకండి. కాంటాక్టులు అతుక్కుపోతాయి. మధ్యలో రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్, ఆఫ్ చేసే స్విచ్) పెట్టండి.

ఆప్టికల్ సెన్సర్‌లో కదిలే భాగం లేదు. చిన్న ప్రిజం లోపల ఇన్‌ఫ్రారెడ్ కాంతి తిరిగొస్తే గాలి ఉన్నట్టు, బయటికి పోతే నీళ్లున్నట్టు లెక్క. జిగురు పొర పట్టినా, నత్త అతుక్కున్నా ఎక్కువగా 'నీళ్లున్నాయి' అనే చెబుతుంది, పంపు ఆగుతుంది. అయితే బుడగలు అంటుకుంటే మోసపోతుంది. బుడగలతో మురికి తీసే స్కిమ్మర్ పక్కన పెట్టకండి, నేరుగా లైటు పడనివ్వకండి. మెయిన్ సెన్సర్‌గా నా ఓటు దీనికే.

గాజు బయట అతికించే కెపాసిటివ్ సెన్సర్ నీళ్లను తాకదు, గాజు అవతల నీళ్లున్నదీ లేనిదీ బయటినుంచే పసిగడుతుంది. గాజు మందానికి సరిపోతుందో లేదో ముందు చూసుకోండి.

మేడ మీద ట్యాంకుకు వాడే లోహపు కడ్డీల సెన్సర్ ఇక్కడ అస్సలు వద్దు. ఉప్పునీళ్లు కడ్డీని తినేస్తాయి, అందులో రాగి ఉంటే రొయ్యలకు, పగడాలకు విషం. పైనుంచి శబ్ద తరంగాలు పంపి మట్టం కొలిచే అల్ట్రాసోనిక్ కూడా వద్దు. వాటర్‌ప్రూఫ్ మోడల్స్ చాలావాటికి 20 సెం.మీ. లోపున్న నీళ్లు కనబడవు, సంప్‌లో అంత ఎడం ఎక్కడిది?

3. రెండోది వేరే రకం పెట్టండి

మెయిన్ ఆప్టికల్ అయితే, దానికి రెండు సెంటీమీటర్లు పైన ఫ్లోట్ పెట్టి, అది లేస్తే పంపుకు కరెంటు తెగేలా చేయండి. రెండూ ఒకే రకమైతే ఒకే కారణంతో రెండూ మొరాయిస్తాయి. సెన్సర్ చెప్పినట్టు పంపును నడిపే కంట్రోలర్‌లో గరిష్ఠ సమయం కూడా పెట్టండి. మామూలుగా నిమిషంలో నిండే చోట మూడు నిమిషాలు దాటితే ఆగి, బీప్ కొట్టాలి.

4. ఆర్‌ఓ నీళ్ల డబ్బా పెద్దది కొనకండి

సెన్సర్లన్నీ చెయ్యిచ్చినా మిమ్మల్ని కాపాడేది ఇదే. 100 లీటర్ల ట్యాంకులోకి 5 లీటర్లు ఒక్కసారిగా పోతే ఉప్పు 35 నుంచి 33 దగ్గరికి దిగుతుంది, 20 లీటర్లు పోతే 29కి. రెండు మూడు రోజులకు సరిపడా డబ్బా చాలు. దాని నీళ్లన్నీ వచ్చి పడినా సంప్ పొంగకూడదు. ట్యూబు కొస సంప్ నీళ్లలో మునగకుండా, డబ్బాలోని నీటి మట్టం కన్నా కూడా పైనే ఉంచండి, లేకపోతే పంపు ఆగాక సైఫన్ మొదలై నీళ్లు వాటంతటవే పారుతాయి.

5. టెస్ట్ చేయండి

ఫ్లోట్‌ను చేత్తో ఎత్తండి, పంపు వెంటనే ఆగాలి. తర్వాత కరెంటు ఆపి, మళ్లీ వేయండి. రిటర్న్ పంప్ పైట్యాంకును నింపే ఆ కాసేపు సంప్‌లో మట్టం పడిపోతుంది, తొందరపడే కంట్రోలర్ అప్పుడు అక్కర్లేని నీళ్లు పోసేస్తుంది. మీ ఏరియాలో కోతలు ఎక్కువైతే, కరెంటు వచ్చాక కొన్ని నిమిషాలు ఆగే సెట్టింగ్ ఉన్నదే కొనండి. నెలకోసారి సెన్సర్లను వెనిగర్‌లో నానబెట్టి కడిగితే ఉప్పు పెచ్చులు ఊడిపోతాయి.